వరద తీసిన తరువాత వీధికి వచ్చే యంత్రాలు

2015 నవంబరు నెలలో చెన్నై నగరంలో 1,049 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. 1918 తరువాత ఏ నవంబరులోనూ నగరం అంతటి వాన చూడలేదు. అది చాలదన్నట్లు డిసెంబరు 1న మళ్ళీ ఆకాశం తెగింది. మరునాటి ఉదయానికి తాంబరంలో 49 సెంటీమీటర్ల వర్షపాతం నమోదైంది. చెంబరంబాక్కం జలాశయం నుండి సెకనుకు 29,000 ఘనపుటడుగుల వరకు నీరు విడువవలసి వచ్చింది. అడయారు నది గట్లు దాటి ఇళ్ళలోనికి వచ్చింది. విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది.

ఆ రోజులను తలచుకొన్నప్పుడు మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి పడవలు. సముద్రతీరపు మత్స్యకారులు తమ పడవలను వీధులలోనికి తెచ్చి ఎందరినో కాపాడారు. అయితే నీరు తీసిన నాడు మరొక కష్టం మొదలయింది. మోకాటిలోతు బురద, తడిసి ఉబ్బిన పరుపులు, కూలిన ప్రహరీ గోడలు, పూడిపోయిన వాననీటి కాలువలు మిగిలాయి. వీటిని చేతులతో ఎత్తడం సాధ్యం కాదు. ఆ దశలో నగరాన్ని తిరిగి నిలబెట్టేవి జేసీబీలు, టిప్పర్లు, పంపు మోటార్లు, జనరేటర్లు. వీటిలో పెద్దభాగం అద్దెకు వచ్చేవే.

అద్దె యంత్రం ఏ విధంగా వీధికి చేరుతుంది, దాని ఖర్చు ఎవరిది, దానివల్ల కలిగే ప్రమాదాలేమిటి, ఆ సమయంలో పౌరులుగా మన బాధ్యత ఏమిటి అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

సొంత యంత్రాలు ఎందుకు చాలవు?

చెన్నై కార్పొరేషన్ పరిధిలో 200 వార్డులు ఉన్నాయి. రోజువారీ చెత్త సేకరణకు, కాలువల పూడికతీతకు అవసరమయ్యే వాహనాలు కార్పొరేషన్ వద్ద ఉంటాయి. కానీ ఒకే రాత్రిలో వందలాది వీధులు మునిగినప్పుడు కావలసిన యంత్రాల సంఖ్య మామూలు రోజుల అవసరానికి ఎన్నో రెట్లు. పదేళ్ళకొకసారి పది రోజుల పనికోసం అన్ని యంత్రాలను కొని, మిగిలిన కాలమంతా షెడ్డులో తుప్పు పట్టనివ్వడం ప్రజాధనాన్ని వృథా చేయడమే అవుతుంది.

మరొక సౌలభ్యం కూడా ఉంది. భారీ వర్షాలు కురిసినప్పుడు కట్టడాల పనులు ఆగిపోతాయి. అక్కడ పనిచేసే జేసీబీలు, టిప్పర్లు ఖాళీగా నిలబడతాయి. అంటే నగరానికి యంత్రాలు అత్యవసరమైన నాడే అవి దొరికే అవకాశం కూడా ఎక్కువ. వాటిని నడిపేవారు ఆ వీధుల మలుపులు ఎరిగినవారై ఉంటారు. ఈ రెండు కారణాల వలన విపత్తు వేళ అద్దె యంత్రమే నగరానికి ప్రధానమైన ఆధారం.

అయితే ఆ యంత్రాలు కూడా పల్లంలో నిలిపి ఉంటే మునుగుతాయి. ఇంజనులోనికి నీరు చేరిన జేసీబీ మరమ్మతు పూర్తయ్యేవరకు ఎవరికీ పనికిరాదు. కనుక తుఫాను హెచ్చరిక వెలువడగానే యంత్రాలను మిట్ట ప్రదేశాలకు తరలించి, ట్యాంకు నిండా డీజిలు పోసి ఉంచడం యజమానులు పాటించవలసిన మొదటి నియమం.

ఏ పనికి ఏ యంత్రం?

మన ప్రాంతాలలో తవ్వే యంత్రమన్నింటినీ జేసీబీ అనడం వాడుక. నిజానికి జేసీబీ ఒక కంపెనీ పేరు. ముందువైపు వెడల్పాటి తొట్టి, వెనుక తవ్వే చేయి గల చక్రాల బండిని ఆ పేరుతో పిలుస్తున్నాము. అది రోడ్డు మీద తానే నడిచి రాగలదు కనుక వీధిలోని బురదను ఎత్తి టిప్పరులో పోయడానికి మిక్కిలి అనుకూలమైనది.

పొక్లెయిన్ అనేదీ ఒక కంపెనీ పేరే. తమిళనాడులో దీనినే హిటాచీ అని కూడా అంటారు. ఇది ఇనుప పట్టాల మీద కదిలే పెద్ద యంత్రం. కూలిన గోడలను తొలగించడానికి, కాలువలు లోతుగా తవ్వడానికి ఇది కావాలి. రోడ్డు మీద దూరం నడవలేదు. ట్రెయిలరు మీద ఎక్కించి తేవాలి. ఇరుకు సందులలో దీనికి చోటుండదు. అటువంటి చోట బాబ్‌క్యాట్ అని పిలిచే చిన్న లోడరును వాడతారు. నీటిలో తేలుతూ పూడిక, గుర్రపుడెక్క తీసే యంత్రాలు కూడా నగరపు కాలువలలో ఇప్పుడు కనిపిస్తున్నాయి.

విపత్తు స్వభావాన్ని బట్టి యంత్రాల వరుస మారుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నైని తాకినప్పుడు వేలకొద్దీ చెట్లు నేలకూలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖపట్నంలోనూ అదే స్థితి. గాలి తెచ్చిన నష్టానికి ముందుగా కావలసినవి యంత్రరంపాలు, క్రేన్లు. దారి తెరుచుకొంటేనే అంబులెన్సు కదులుతుంది, విద్యుత్తు సిబ్బంది స్తంభం వద్దకు చేరగలుగుతారు. నీరు తెచ్చిన నష్టానికి ముందు పంపు మోటార్లు, తరువాత జేసీబీలు, టిప్పర్లు కావాలి. ఈ వరుస తప్పితే వచ్చిన యంత్రం ఖాళీగా నిలబడుతుంది; అద్దె మాత్రం లెక్కకు ఎక్కుతూనే ఉంటుంది.

ఒక వీధి లెక్క

200 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల ఒక వీధిని ఊహించుకొందాము. అందులో అరమీటరు నీరు నిలిచింది. అది 800 ఘనపు మీటర్లు, అనగా 8 లక్షల లీటర్లు. నిమిషానికి 1,000 లీటర్లు తోడే మోటారు ఒకటి నిరంతరం పనిచేస్తే 13 గంటల 20 నిమిషాలు పడుతుంది. మధ్యలో మళ్ళీ వాన పడకూడదు. తోడిన నీరు పక్క వీధి గుండా తిరిగి రాకూడదు. మోటారు పెట్టేముందు నీటిని ఎక్కడికి పంపాలో తేల్చుకోవడం అందుకే ముఖ్యం.

నీరు పోయాక ఆ వీధిలో 10 సెంటీమీటర్ల మందాన బురద మిగిలిందనుకొందాము. అది 160 ఘనపు మీటర్లు. తడి బురద ఘనపు మీటరు సుమారు 1.7 టన్నులు తూగుతుంది. మొత్తం దాదాపు 270 టన్నులు. 16 టన్నులు మోసే టిప్పరుకు 17 ట్రిప్పులు.

జేసీబీ ముందు తొట్టిలో సుమారు ఒక ఘనపు మీటరు పడుతుంది. తొట్టి నింపి, తిరిగి, టిప్పరులో పోయడానికి రెండున్నర నిమిషాలు వేసుకొన్నా ఏడు గంటలలోపే దాని పని పూర్తవుతుంది. కాని టిప్పరు కుప్పవేసే చోటికి వెళ్ళిరావడానికి రెండు గంటలు పడితే, ఒకే టిప్పరుతో 17 ట్రిప్పులకు 34 గంటలు కావాలి. అందులో జేసీబీ 27 గంటలు ఊరకే నిలబడుతుంది. నాలుగు టిప్పర్లు ఉంటే వీధి ఒక్క పగటిలో శుభ్రమవుతుంది.

సాధారణంగా ప్రజలు వార్డు కార్యాలయాన్ని అడిగేది “మా వీధికి జేసీబీ ఎప్పుడు వస్తుంది?” అని. పై లెక్కను బట్టి “జేసీబీతో పాటు ఎన్ని టిప్పర్లు వస్తున్నాయి, బురద ఎక్కడ పోస్తున్నారు?” అని కూడా అడగాలని తెలుస్తుంది. వీధి చివర అడ్డంగా నిలిపిన ఒక్క కారు నాలుగు టిప్పర్లను ఆపగలదు. ఆ ఆలస్యం వెనుక వీధివారికి మరొక రోజు బురదగా మిగులుతుంది.

అద్దె ఎలా కుదురుతుంది?

జేసీబీని సాధారణంగా గంటల లెక్కన అద్దెకిస్తారు. యంత్రంలోని గంటల మీటరు ఇంజను నడిచిన సమయాన్ని చూపుతుంది. ఒక రోజుకు కనీసం ఇన్ని గంటలని ముందే మాట్లాడుకొంటారు. డీజిలు ఎవరిది, ఆపరేటరు బత్తా ఎవరిది, యంత్రాన్ని తెచ్చి తిరిగి తీసుకుపోయే ఖర్చు ఎవరిది అనేవి తేలకుండా గంట ధర ఒక్కటే మాట్లాడుకొంటే తరువాత తగవు తప్పదు. టిప్పర్లకు ట్రిప్పు లెక్క, మోటార్లకు, జనరేటర్లకు రోజు లెక్క వాడుకలో ఉన్నాయి.

నగరపాలక సంస్థలు ఈ బేరాన్ని వరద నడుమ పెట్టుకోకుండా వానకాలానికి ముందే ధరల ఒప్పందం చేసుకోవడం మేలైన పద్ధతి. చెన్నైకి ప్రధాన వర్షకాలం ఈశాన్య రుతుపవనాల కాలం, అంటే అక్టోబరు నుండి డిసెంబరు వరకు. ఇటీవలి సంవత్సరాలలో ఆ కాలానికి ముందుగానే ట్రాక్టర్లకు బిగించిన పంపు మోటార్లను అద్దెకు తెచ్చి పల్లపు ప్రాంతాలలో సిద్ధంగా నిలుపుతున్నారు.

ముందు ఒప్పందం చాలని స్థితిలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం అక్కరకు వస్తుంది. ఆ చట్టంలోని 50వ సెక్షను ప్రకారం తక్షణ అవసరం ఉన్నదని విపత్తు నిర్వహణ సంస్థ భావిస్తే, మామూలు టెండరు పద్ధతిని పక్కనబెట్టి అత్యవసర సేకరణకు అనుమతించవచ్చు. 65వ సెక్షను ప్రకారం సహాయక చర్యలకు కావలసిన వనరులను, వాహనాలను వ్రాతపూర్వకమైన ఉత్తర్వుతో స్వాధీనం చేసుకొనే అధికారం ఉంది. ఈ స్వాధీనం ఉచితం కాదు. 66వ సెక్షను ప్రకారం వాహనానికి ఆ ప్రాంతంలో చెల్లుబాటులో ఉన్న అద్దె ధరలను ఆధారంగా చేసుకొని పరిహారం నిర్ణయించాలి. వచ్చిన మొత్తం న్యాయం కాదని యజమాని భావిస్తే గడువులోగా దరఖాస్తు చేసి మధ్యవర్తి నిర్ణయం కోరవచ్చు. వాహనం వాయిదాల కొనుగోలు ఒప్పందంలో ఉంటే పరిహారాన్ని అసలు యజమానికి, వాహనం నడుపుకొంటున్నవారికి నడుమ పంచే ఏర్పాటు కూడా చట్టంలోనే ఉంది.

ఇది చిన్న విషయం కాదు. ఒకటి రెండు యంత్రాలు గల చిన్న యజమాని బ్యాంకుకు ప్రతినెలా వాయిదా కట్టాలి. ఆపరేటరుకు, హెల్పరుకు జీతమివ్వాలి. డీజిలు చేతిడబ్బుతో పోయించాలి. వరద పనికి పంపిన యంత్రానికి బిల్లు నెలల తరబడి రాకపోతే మరుసటి వరదకు ఆయన ఫోను ఎత్తడు. ఆ నష్టం ఆయనదొక్కటే కాదు. వీధిలో బురద మధ్య ఎదురుచూసే వారందరిది. సకాలంలో బిల్లు చెల్లించడం కూడా విపత్తు సన్నద్ధతలో భాగమే.

బిల్లు నిలిచిపోవడానికి కారణం తరచుగా కాగితం లేకపోవడమే. అర్ధరాత్రి నోటిమాటతో పనికి పోయిన యంత్రానికి ఏ వీధిలో ఎన్ని గంటలు నడిచిందో చెప్పే సాక్ష్యం ఉండదు. మొదలుపెట్టినప్పుడు, ముగించినప్పుడు గంటల మీటరు అంకెను లాగ్‌బుక్కులో వ్రాసి, అక్కడున్న అధికారి సంతకం తీసుకోవాలి. మీటరు ఫోటో తీసి ఉంచుకొంటే మరీ మంచిది.

యంత్రం ఆగవలసిన చోటు

2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిగ్‌జాం తుఫాను చెన్నైని ముంచి, 5న బాపట్ల సమీపంలో తీరం దాటింది. డిసెంబరు 4న వేళచ్చేరిలో కట్టడం కోసం తవ్విన లోతైన గుంత అంచు కూలింది. లోపల పడినవారిలో ఇద్దరి మృతదేహాలు డిసెంబరు 8న గాని బయటపడలేదు. గుంత నిండా వరదనీరు. రోజుల తరబడి మోటార్లతో తోడవలసి వచ్చింది. తడిసిన నేల మీద గుంత అంచు ఎంత నమ్మరానిదో, సమయానికి తోడే శక్తి ఎంత విలువైనదో ఈ ఒక్క సంఘటన చాటుతుంది.

శిథిలాల క్రింద మనుషులు ఉన్నారన్న అనుమానం ఉంటే జేసీబీని వెంటనే దింపరాదు. తొట్టి ఒక్క కదలికతో లోపల గాలి ఆడే ఖాళీ మూసుకుపోవచ్చు. ముందుగా నిశ్శబ్దం పాటించి, పిలిచి, వినాలి. తరువాత చేతి పనిముట్లతో జాగ్రత్తగా తొలగించాలి. శిక్షణ పొందిన సిబ్బంది చెప్పినప్పుడే పెద్ద యంత్రం కదలాలి. జాతీయ విపత్తు స్పందన దళపు నాలుగవ బెటాలియను చెన్నైకి సమీపాన గల అరక్కోణంలోనే ఉంది.

చెన్నైలో చాలా వీధులలో విద్యుత్తు కేబుళ్ళు నేలలోపల ఉంటాయి. నీటిపైపు, మురుగుపైపు వాటి పక్కనే సాగుతాయి. విద్యుత్తు శాఖ సరఫరా నిలిపినదని తెలియనిదే తవ్వకం మొదలుపెట్టరాదు. పైనున్న తీగలకు యంత్రం చేయి తగలకుండా క్రింద ఒకరు నిలబడి చూస్తూ ఉండాలి.

నేలమాళిగలో నీరు నిలిచిన అపార్టుమెంట్లవారు మరొక సంగతి గమనించాలి. చుట్టూ నేల నీటితో నిండి ఉండగా లోపలి నీటినంతా ఒక్కసారిగా తోడితే, బయటి ఒత్తిడికి గోడలు లోపలికి కూలవచ్చు. రోజుకు మూడవవంతు చొప్పున తోడడం క్షేమం. డీజిలు మోటారును, జనరేటరును నేలమాళిగలోగాని మూసిన గదిలోగాని నడపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు; నిమిషాలలో ప్రాణం తీస్తుంది. యంత్రం చేరలేదన్న నెపంతో మురుగు గుంటలోనికి మనిషిని దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం.

ఆపరేటరు అలసట కూడా ప్రమాదమే. రెండు రాత్రులు నిద్రలేనివాని చేతిలో యంత్రం ఉంటే వెనుక నిలబడిన పిల్లవాడు అతని కంటపడడు. రెండవ ఆపరేటరు, వేళకు భోజనం, నాలుగు గంటల నిద్ర అనేవి దయతో ఇచ్చేవి కావు, పనిలో భాగం.

తెలుగువారికి ఈ పనితో గల బంధం

నగరం మధ్య నుండి సాగే బకింగ్‌హాం కాలువ ఆంధ్రదేశంలోని పెదగంజాం నుండి తమిళనాడులోని మరక్కాణం వైపు వరకు వ్యాపించినది. చెన్నైలో అడయారు, కూవం నదులను కలిపే భాగాన్ని 1877-78 కరవు కాలంలో కూలి పనులు కల్పించడం కోసం తవ్వించారు. ఆనాడు యంత్రం లేదు. పార, గంప మాత్రమే ఉన్నవి. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలలో చెరువులు, గట్లు, బావులు తవ్విన ఒడ్డెర కుటుంబాలలో ఎన్నో ఇప్పటికీ ఇంట తెలుగే మాట్లాడుతాయి. చెన్నై పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాట్లాడేవారు తరతరాలుగా ఉన్నారు. 2015 వరద తరువాత ఇతర ఊళ్ళ నుండి వచ్చిన కార్మికులతో కలిసి వారే ఈ నగరపు బురదను ఎత్తారు. యంత్రం ఎత్తిపోయిన తరువాత మూలమూలన మిగిలే బురదను ఈనాటికీ ఎత్తేది వారి చేతులే. వారికి చేతితొడుగులు, బూట్లు, త్రాగునీరు అందేలా చూడడం ప్రతి వీధివారి కనీస ధర్మం.

వరద వేళ పొరుగు రాష్ట్రాల నుండి కూడా యంత్రాలు, ఆపరేటర్లు రావచ్చు. అలా వచ్చినవారు తమిళ బోర్డులు చదవలేకపోవచ్చు. ఏ సందు ఇరుకో, ఏ మ్యాన్‌హోలు మూత కొట్టుకుపోయిందో వారికి తెలియదు. రెండు భాషలు తెలిసిన తెలుగు కుటుంబాలు అటువంటప్పుడు చేయగలిగిన సేవ చాలా పెద్దది. బండి ముందు నడిచి దారి చూపే ఒక్క మనిషి ఒక ప్రమాదాన్ని ఆపగలడు.

పౌరులు గుర్తుంచుకోవలసినవి

1. కార్పొరేషన్ పంపిన యంత్రానికి గాని, టిప్పరుకు గాని వీధివారు డబ్బు చెల్లించనవసరం లేదు. ఎవరైనా అడిగితే 1913 నంబరుకు తెలుపవచ్చు.

2. నివాసుల సంఘం సొంతంగా యంత్రాన్ని కుదుర్చుకొంటే గంట ధర, కనీస గంటలు, డీజిలు, బత్తా, రానుపోను ఖర్చు ఒక కాగితం మీద వ్రాసుకొని ఇరువురూ సంతకం చేయాలి. మీటరు అంకె మొదట, చివర నమోదు చేయాలి.

3. బురదను, విరిగిన ఇటుకలను, పాడైన సామాన్లను వేర్వేరు కుప్పలుగా పోయాలి. వాననీటి కాలువ మూతల మీద కుప్ప వేయరాదు.

4. యంత్రం వచ్చే ముందు వాహనాలను వీధి నుండి తొలగించాలి. పిల్లలను, చూడవచ్చినవారిని దూరంగా ఉంచాలి.

5. పాడైన సామాన్లను కుప్పలో వేసేముందు ఫోటోలు తీయాలి. బీమాకు, ప్రభుత్వ సహాయానికి అవి ఆధారం.

యంత్రాలు గలవారు గుర్తుంచుకోవలసినవి

1. సెప్టెంబరు లోపల మండల కార్యాలయంలో మీ యంత్రం వివరాలు, మాట్లాడవలసినవారి ఫోను నంబరు ఇచ్చి ఉంచండి.

2. రిజిస్ట్రేషను, బీమా, ఆపరేటరు లైసెన్సు గడువు సరిచూసుకోండి. వరద నీటిలో పనిచేస్తుండగా కలిగే నష్టానికి మీ బీమా వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

3. వ్రాతపూర్వకమైన ఉత్తర్వు నకలు తీసుకోండి. అత్యవసరంలో ముందు పని మొదలుపెట్టినా, ఆ రోజు ముగిసేలోగా కాగితం సంపాదించండి.

4. మనుషులు చిక్కుకున్నారన్న అనుమానం ఉన్నచోట, తీగల మీద నమ్మకం లేనిచోట యంత్రాన్ని ఆపే స్వేచ్ఛ ఆపరేటరుకు ఉన్నదని అతనికి ముందుగానే స్పష్టంగా చెప్పండి.

వరదను ఆపడం మన చేతిలో లేకపోవచ్చు. అది తీసిన తరువాత వీధి ఒక్క రోజులో తేరుకొంటుందా, వారం రోజులు కుళ్ళుతుందా అన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది. వానలు లేని నెలలలో వ్రాసుకొన్న ఒప్పందం, సకాలంలో చెల్లించిన బిల్లు, దారికి అడ్డు లేకుండా తీసిన ఒక కారు దానిని నిర్ణయిస్తాయి.